గాలిలో నిలబడటం ఎలా నేర్చుకుంది

కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

పోయిన మాఘంలో మా పక్క చేలో మినుముకి డ్రోన్‌తో మందు కొట్టించారు. గట్టు అవతల రొయ్యల చెరువు. చేను చివర వెనక్కి తిరగబోతూ డ్రోన్ గాలిలో ఆగింది. ఆగినట్టే ఆగి, మెల్లగా చెరువు వైపు జరగడం మొదలెట్టింది. అబ్బాయి వెంటనే మందు ఆపాడు గనక సరిపోయింది. అది పైరిత్రాయిడ్ మందు. మినుము మీద పురుగుకి వేసేది కొంచెం నీళ్ళలో పడినా రొయ్య బతకదు. చెరువు మీద లక్షలు పెట్టినవాడి గతేంటి? అడిగితే "గాలండీ" అన్నాడు. ఆ పొద్దున కొబ్బరాకు కూడా కదల్లేదు.

ఇంతకీ ఇవి గాలిలో ఆగడం ఎలా నేర్చుకున్నాయో చూద్దామని కూర్చున్నాను.

మన చల్లపల్లి, అవనిగడ్డ వైపు యాభై దాటినవాళ్ళకి హెలికాప్టర్ అంటే 1977 నవంబరు 19 తుఫానే గుర్తొస్తుంది. దివిసీమలో నీళ్ళ మధ్య చిక్కుకున్నవాళ్ళకి పైనుంచి పొట్లాలు వేశారు. నాకప్పుడు ఏడేళ్ళు. ఎవరో తాడు కట్టి వేలాడదీసినట్టు ఆగిందనుకున్నాను. లోపలున్న పైలట్‌కి చేతులూ కాళ్ళూ ఒక్క క్షణం ఖాళీ ఉండదని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఎందుకంటే హెలికాప్టర్‌కి పక్కకి జరగడమే సహజం. పైన పెద్ద రెక్క ఒక వైపు తిరిగితే కింద బండి రెండో వైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికి తోక దగ్గర చిన్న రెక్క పెట్టారు. ఆ చిన్న రెక్క తోసే తోపుకి బండి తిరగడం ఆగుతుంది గానీ మొత్తం బండి పక్కకి పోతుంది. అందుకే నిలబడ్డ హెలికాప్టర్ ఒక పక్కకి కాస్త వాలి ఉంటుంది. అది లోపం కాదు.

దీని మీద పట్టు పట్టినవాడు అమెరికాలో ఆర్థర్ యంగ్. పెన్సిల్వేనియాలో పవోలి అనే ఊళ్ళో ఒక పాత కొట్టంలో బొమ్మ హెలికాప్టర్లు చేసుకుంటూ ఏళ్ళు గడిపాడు. రెక్కకి అడ్డంగా, రెండు చివరలా బరువులున్న కడ్డీ ఒకటి బిగించాడు. తిరిగే బొంగరం ఒరగనన్నట్టు ఆ కడ్డీ తన దిశ వదలదు, రెక్కని కూడా దారిలో పెడుతుంది. 1941లో ఆ బొమ్మ తీసుకెళ్ళి బెల్ కంపెనీ వాళ్ళకి చూపించాడు. దానితోనే బెల్ 47 వచ్చింది. 1946 మార్చి 8న పౌరుల వాడకానికి అనుమతి పొందిన మొదటి హెలికాప్టర్ అదే. కొట్టంలో పుట్టిన పని అని చదివినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించింది, మనకేం సంబంధం లేకపోయినా.

రేడియోతో నడిపే బొమ్మ హెలికాప్టర్‌ని 1970 ప్రాంతాల్లో జర్మనీలో డీటర్ ష్లూటర్ సరిగ్గా ఎగరేశాడు. దానికీ కడ్డీయే. తర్వాత తోక కోసం జైరో వచ్చింది, ఆపైన కడ్డీ పీకేసి ఆ పని మొత్తం చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెకి అప్పజెప్పారు. మీ సెల్‌ఫోన్ అడ్డం తిప్పితే తెర తిరుగుతుందే, ఆ జాతి చిప్పులే.

పొలంలోకి తెచ్చింది జపాన్ వాళ్ళు. యమహా కంపెనీ 1987లో ఆర్-50 అనే మనిషిలేని హెలికాప్టర్ తయారుచేసింది, 20 కిలోల మందు మోస్తుంది. వరి మీద కొట్టడానికే. కానీ దాన్ని నిలబెట్టడం నడిపేవాడి చేతివాటమే. 1995లో ఒరగకుండా చూసే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టారు. 1997లో ఆర్‌మ్యాక్స్ వచ్చింది. 2003లో గాని జీపీఎస్ ఉన్న రకం రాలేదు.

ఈ రెండింటి మధ్య ఎనిమిదేళ్ళున్నాయి చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. కృష్ణలో పడవెక్కి కళ్ళు మూసుకోండి. పడవ ఒరిగితే తెలుస్తుంది. ఒరగకుండా వాలుకి కొట్టుకుపోతుంటే తెలియదు, కళ్ళు తెరిచి ఒడ్డు చూస్తేనే తెలుస్తుంది. జైరో కళ్ళు మూసుకున్న మనిషి. ఒరిగితే సరిచేస్తుంది, కొట్టుకుపోతుంటే దానికి తెలియదు. ఒడ్డు చూసే కన్ను జీపీఎస్.

అందుకే బొమ్మ హెలికాప్టర్లు నడిపేవాళ్ళు పెట్టె ఉన్నదాన్ని రిమోట్ మీద ట్రిమ్ మీటలతో సరిచెయ్యొద్దంటారు. ఆ ట్రిమ్‌ని పెట్టె "తిరుగు" అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది, జబ్బు ఇంకా పెరుగుతుంది. ట్రిమ్ సున్నాలో ఉంచి, రెక్కల కింద వాటిని వాల్చే పళ్ళెం మట్టంగా ఉందో లేదో చూడాలి. స్విచ్ వేశాక పెట్టె కుదురుకునేదాకా బండిని కదపకూడదు.

మన మందు డ్రోన్లకి తోక రెక్క గొడవ లేదు, సగం రెక్కలు ఇటు, సగం అటు తిరుగుతాయి. కానీ కళ్ళు మూసుకోవడం మాత్రం అదే. 2021 డిసెంబరులో కేంద్రం డ్రోన్‌తో మందు కొట్టడానికి పద్ధతులు ఇచ్చింది. 2023లో డ్రోన్ దీదీ పథకంలో 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు ఇవ్వాలని నిర్ణయించారు. ఇక ప్రతి ఊళ్ళోనూ ఇవే. ఎందుకు జరుగుతోందో కనిపెట్టడం మనకీ తెలిసుండాలి.

మొన్న ఆ అబ్బాయే మా చేలోకి వచ్చాడు. మందు కలపకముందు, ఖాళీ ట్యాంకుతో కళ్ళంలో లేపమన్నాను. జీపీఎస్ పట్టు తీసేసి మనిషెత్తులో ఆపమన్నాను. కుడికి జరిగింది. ముక్కు పూర్తిగా వెనక్కి తిప్పమన్నాను. గాలే అయితే ముక్కు ఎటున్నా జరగడం ముందు జరిగిన దిక్కుకే ఉండాలి. ఇది ముక్కుతో పాటే దిక్కు మార్చింది, మళ్ళీ దాని కుడికే పోయింది. అంటే తప్పు బండిలో ఉంది. జరగడం కాకుండా రుబ్బురోలు తిప్పినట్టు చుట్టూ తిరిగితే దిక్సూచి మీద అనుమానపడాలి, బోరు గొట్టాలకీ ఇనప కంచెలకీ దూరంగా తీసుకెళ్ళి సరిచేసుకోవాలి. ఇది ఆ రకం కాదు.

మట్టం ఎక్కడ చూసుకున్నావు బాబూ అంటే గట్టు మీద అన్నాడు. గట్టు వాలుని అది మట్టం అనుకుంది మరి. మాఘంలో అయితే జీపీఎస్ అందకముందే లేపేశానని కూడా అప్పుడే ఒప్పుకున్నాడు. వడ్లు ఆరబోసే సిమెంటు నేల మీద పెట్టించి, రసమట్టం పెట్టి చూసి, మళ్ళీ మట్టం నేర్పించాం. ఈసారి లేపితే కాసేపు చూస్తూ నిలబడ్డాం, అడుగు కూడా కదల్లేదు. అప్పుడు గాని మందు కలపనివ్వలేదు.