గుమ్మడి వాఫుల్ పసిచేతికి అందిన కథ

ఆగస్టు 24 వచ్చిందంటే అమెరికాలో వాఫుల్ దినం. 1869లో అదే రోజున న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణవాసి కార్నీలియస్ స్వార్ట్‌వౌట్‌కు పొయ్యి మీద వాడే వాఫుల్ పెనానికి పేటెంట్ దక్కింది. ఆయన చేసిన మార్పు చూడ్డానికి చిన్నదే. రెండు పోత ఇనుప పలకలను మడతబందుతో కలిపి, వాటిని గుండ్రటి కట్టులో కూర్చోబెట్టాడు. పిడి పట్టుకుని తిప్పితే చాలు, పెనం మొత్తం అక్కడికక్కడే తిరగబడుతుంది. బరువైన ఇనుప పట్కారును నిప్పుల మీద పట్టుకుని నిలబడే బాధ వంటవాళ్లకు తప్పింది. ఇప్పుడు ఆ గళ్ల రొట్టెలో గుమ్మడి గుజ్జు కలిసి, పళ్లయినా సరిగా రాని బిడ్డల చేతికి కూడా చేరుతోంది.

అంతకుముందు శతాబ్దాల సంగతి క్లుప్తంగానే చెప్పుకోవాలి. మధ్యయుగాల ఐరోపాలో రెండు ఇనుప పలకల మధ్య పల్చటి రొట్టెలు కాల్చేవారు. చర్చి ప్రార్థనల్లో వాడే అప్పడాల లాంటి రొట్టెలూ, వీధుల్లో అమ్మే రొట్టెలూ అలాంటి పెనాల మీద తయారైనవే. 1559లో పీటర్ బ్రూగెల్ గీసిన కార్నివాల్, ఉపవాస దినాల పోరు చిత్రంలో ఒకావిడ నిప్పుల దగ్గర వాఫుల్స్ కాలుస్తూ కనిపిస్తుంది. పక్కనే తలకు వాఫుల్స్ కట్టుకుని పాచికలాడుతున్న మనిషి! నలభై రోజుల ఉపవాసం మొదలయ్యే ముందు గుడ్లు, వెన్న, పాలు కడుపునిండా తినేసే సంబరమే కార్నివాల్. డచ్ వలసదారులు ఆ పెనాన్ని వెంటబెట్టుకుని అట్లాంటిక్ దాటారు.

అవతలి తీరంలో గుమ్మడి అప్పటికే ఉంది. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో, గీలా నకీట్స్ గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజల వయసు దాదాపు 10,000 ఏళ్లు. కొలంబస్ తర్వాతే ఆ కాయ మిగతా ప్రపంచానికి చేరింది. మన వడియాలకు వాడే, గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి వేరే జాతి, ఆసియాదే. దప్పళంలో వేసే తీపి గుమ్మడి మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చింది. ఇలినాయ్ రాష్ట్రంలోని మోర్టన్‌లో డబ్బాల్లోకెక్కే డికిన్సన్ రకం గుమ్మడి, మన రైతుబజార్లో ముక్కలు కోసి అమ్మే చాలా రకాల తీపి గుమ్మడి ఒకే జాతివి. అక్కడి వాళ్లు హాలోవీన్‌కు ముఖాలు చెక్కే కాయ వేరు, వంటకు వాడే కాయ వేరు. డికిన్సన్ కుటుంబపు క్యానరీని, అంటే డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీని, 1929లో లిబ్బీ కంపెనీ కొనుక్కుంది. ఆ తర్వాత గుమ్మడి గుజ్జు ఏ నెలలోనైనా దొరికే సరుకైపోయింది.

ఇక వాఫుల్ ఫ్యాక్టరీకెక్కిన కాలిఫోర్నియాలోని శాన్ హోసే కథ. తెలుగు ఇంజనీర్ల కుటుంబాలు వేలాదిగా కాపురమున్న ఈ ఊరి లోయలో ఒకప్పుడు చిప్‌లు లేవు, సాఫ్ట్‌వేర్ లేదు. ఎటు చూసినా ఆప్రికాట్, ప్రూన్ తోటలు, పళ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు. అక్కడే ఫ్రాంక్, ఆంథోనీ, శామ్ అనే డోర్సా అన్నదమ్ములు 1930ల్లో తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగలో మయోనీజ్ తయారీ మొదలుపెట్టారు. తాజా గుడ్లతో చేస్తున్నామని చాటుకోవడానికి దానికి ఎగ్గో అని పేరు పెట్టారు. తర్వాత పాలు కలిపితే సరిపోయే వాఫుల్ పొడిపిండి అమ్మారు. అది బాగా పోయింది.

ఫ్రాంక్ డోర్సా చెయ్యి యంత్రాల మీద ఊరకే ఉండేది కాదు. ఆపకుండా నడిచే బంగాళాదుంపల తొక్కతీత యంత్రం కూడా ఆయన చేసినదే. 1950ల నాటికి అమెరికా ఇళ్లలో ఫ్రీజర్లు చేరాయి. పొడిపిండి కొనేవాళ్లు తగ్గి, గడ్డకట్టిన తిండి కొనేవాళ్లు పెరిగారు. ఫ్రాంక్ దారి మార్చాడు. రంగులరాట్నం ఇంజన్ ఒకటి తెచ్చి, దానికి చుట్టూ వాఫుల్ పెనాలు బిగించాడని చెబుతారు. ఒకచోట పిండి పడుతుంది. పెనం మూసుకుని తిరుగుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి వాఫుల్ కాలి ఉంటుంది, దాన్ని తీసేసి మళ్లీ పిండి పోస్తారు. అలా గంటకు వేలకొద్దీ వాఫుల్స్ వచ్చేవి.

1953లో అవి ఫ్రోఫుల్స్ పేరుతో కాలిఫోర్నియా సూపర్ మార్కెట్లకు ఎక్కాయి. జనం మాత్రం గుడ్ల రుచిని బట్టి ఎగ్గో అనే పిలిచారు. 1955లో కంపెనీ కూడా ఆ పేరే ఖాయం చేసుకుంది. స్వార్ట్‌వౌట్ పొయ్యి దగ్గర నిలబడే శ్రమ తగ్గిస్తే, డోర్సా పొయ్యినే పక్కకు నెట్టాడు. టోస్టర్లో వేస్తే నిమిషాల్లో బడికి వెళ్లే పిల్లల పళ్లెంలోకి వాఫుల్ వచ్చేది. 1968లో కెల్లాగ్ కంపెనీ ఎగ్గోను కొనేసింది. శాన్ హోసేలో ఫ్యాక్టరీ ఉన్న వీధి పేరే ఎగ్గో వే. ఒక యంత్రకారుడి నేర్పు వేలాది ఇళ్ల ఉదయాన్ని తేలిక చేసింది, అందుకు ఆయన్ను మెచ్చుకోవాల్సిందే. అయితే పిండిలో ఏం వేయాలి, ఎంత వేయాలి అన్న నిర్ణయం ఇంటి నుంచి ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది.

పసిపిల్లల తిండిదీ ఇదే తోవ. మిషిగన్‌లోని ఫ్రీమాంట్‌లో డొరొతీ గెర్బర్ తన బిడ్డకు కూరగాయలు వడకట్టలేక విసిగిపోతే, ఆమె భర్త కుటుంబపు క్యానరీలో ఆ పని మొదలైంది. 1928లో అక్కడి నుంచి డబ్బాల గుజ్జు అంగళ్లకు వచ్చింది. దశాబ్దాలపాటు చెంచాతో తినిపించే మెత్తటి గుజ్జే శిశువు తిండి. 2008లో బ్రిటన్‌లో గిల్ రాప్లీ పుస్తకం వచ్చాక, బిడ్డే చేత్తో పట్టుకుని తినాలన్న పద్ధతికి ఊపొచ్చింది. మెత్తగా ఉండి, పట్టుకోవడానికి వీలైన తిండి కావాల్సి వచ్చింది. గుమ్మడి వాఫుల్‌కు అలా గిరాకీ పుట్టింది.

ఇక్కడి నుంచి కథ ఒక్క దారిన సాగదు. ఉగ్గుతో పెంచిన అమ్మమ్మలు చేతికివ్వడానికి జంకుతారు. 2009లో ఇలినాయ్‌లో వానలకు గుమ్మడి పంట మునిగి డబ్బాలకు కొరత వచ్చింది. అదే ఏడు అట్లాంటాలో వరదలకు ఎగ్గో ఫ్యాక్టరీ ఆగి, వాఫుల్స్‌కూ కరువొచ్చింది. 2020లో వచ్చిన అమెరికా ఆహార మార్గదర్శకాలు రెండేళ్లలోపు పిల్లలకు అదనపు చక్కెర వద్దే వద్దన్నాయి. అంగడి వాఫుల్స్ చాలావాటిలో చక్కెర, ఉప్పు రెండూ ఉంటాయి. ఇంట్లో చేస్తే ఆ నిర్ణయం మళ్లీ మన చేతికొస్తుంది.

ఒక కప్పు గోధుమ పిండి లేదా ఓట్స్ పిండి, అర కప్పు గుమ్మడి గుజ్జు, ఒక గుడ్డు, ముప్పావు కప్పు పాలు, చెంచాడు కరిగిన నెయ్యి, చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు దాల్చినచెక్క పొడి. చక్కెర, ఉప్పు వద్దు, గుమ్మడి తీపి చాలు. గుమ్మడి ముక్కలను ఉడకబెట్టే కంటే ఆవిరి మీద మగ్గించి మెదిపితే మేలు. నీరు ఎక్కువగా ఉంటే పొడి బాణలిలో కాసేపు వేయించాలి, లేదంటే వాఫుల్ లోపల పచ్చిగా ఉండిపోతుంది. పెనం మూశాక అంచుల నుంచి ఆవిరి బుసబుసా వస్తుంది, అది తగ్గేదాకా మూత తీయకూడదు. ముందే తెరిస్తే రెండు పొరలుగా చీలి పైపలకకు సగం అంటుకుపోతుంది. ఆరు నెలలు నిండి, ఆసరాతో కూర్చోగల బిడ్డకు వేలంత పొడవు ముక్కలు కోసి, కరకరలాడే అంచులు తీసేసి, పక్కన కూర్చుని తిననివ్వాలి. గుడ్డు, గోధుమ, పాలు మొదటిసారి ఇస్తుంటే ఒక్కొక్కటి విడిగా, కొద్దిగా మొదలుపెట్టాలి. గుమ్మడిలో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ పుష్కలం. ఇనుము అంతగా ఉండదు కాబట్టి పప్పు, మాంసం లాంటివి వేరే పూట తినిపించక తప్పదు.

మిగిలినవి చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, డోర్సా నేర్పిన కిటుకు ఇక్కడ ఇంటికే పనికొస్తుంది. పెద్దవాళ్లు తమ వాఫుల్ మీద మేపుల్ సిరప్పో తేనో వేసుకుంటారు. బిడ్డ పళ్లెంలోకి మాత్రం ఏడాది నిండేదాకా చుక్క తేనె కూడా రాకూడదు. అందులో బోట్యులిజం కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉండొచ్చు, వాటిని తట్టుకునే శక్తి పసిపేగుకు ఉండదు.