సంతకం పెట్టని డాక్టరమ్మ

1960 సెప్టెంబరు. వాషింగ్టన్‌లో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కార్యాలయం. ఉద్యోగంలో చేరి నెల తిరిగిందో లేదో, డాక్టర్ ఫ్రాన్సెస్ కెల్సీ బల్ల మీదికి అనుమతి కోరుతూ ఓ మందుల కంపెనీ పంపిన ఫైలు వచ్చింది. మందు పేరు కెవడాన్. అందులో ఉన్నది థాలిడొమైడ్. పశ్చిమ జర్మనీలో 1957 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. నిద్ర పట్టకపోయినా అదే, వేవిళ్లకూ అదే. కొత్తగా వచ్చినావిడ కదా, తేలిగ్గా తెమిలే పనేనని అప్పజెప్పారు.

60 రోజుల్లోగా అభ్యంతరం చెప్పకపోతే అనుమతి వచ్చేసినట్టేనన్నది అప్పటి చట్టం. కెల్సీ కాగితాలు తిరగేశారు. మందు భేషుగ్గా ఉందన్న డాక్టర్ల పొగడ్తలు బోలెడు. ఒంట్లోకి వెళ్లాక అదేమవుతుందో తేల్చిన పరీక్షలు మాత్రం అంతంతే. వివరాలు చాలవని తిప్పి పంపారు. గడువు మళ్లీ మొదలు. కంపెనీ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేశారు, పైఅధికారులకు ఫిర్యాదులు చేశారు. ఆమె సంతకం పెట్టలేదు.

1961 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఓ డాక్టర్ ఉత్తరం ఆమె కంటపడింది. ఈ మాత్ర చాన్నాళ్లు వాడినవాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతున్నాయట. పెద్దవాళ్ల నరాలకే ఇలా ఉంటే కడుపులో బిడ్డ గతేమిటి? ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. యుద్ధకాలంలో షికాగోలో మలేరియా మందుల మీద పనిచేసినప్పుడు, పెద్ద కుందేలు ఇట్టే అరాయించుకున్న క్వినైన్‌ను కడుపులోని పిల్ల అరాయించుకోలేకపోవడం ఆమెకు అనుభవమే. గర్భిణులకు హాని లేదని రుజువు చూపమన్నారు. కంపెనీ చూపలేకపోయింది.

ఆ ఏడాది నవంబరులో జర్మనీలో ఆ మందు గుట్టు రట్టయింది. చేతులూ కాళ్లూ ఎదగని పసికందులు, కొందరికి భుజాల దగ్గరే వేళ్లు. తొలి నెలల్లో తల్లులు మింగిన మాత్రే కారణమని హాంబర్గ్ పిల్లల వైద్యుడు విడుకిండ్ లెంజ్ హెచ్చరించారు. నెలాఖరుకల్లా అక్కడ మందును వెనక్కి తీసుకున్నారు. ప్రపంచవ్యాప్తంగా దాని బారినపడ్డ పిల్లలు 10,000 పైమాటే. అమెరికాలో ప్రయోగం పేరిట డాక్టర్లు పంచిన మాత్రలకు కొందరు పిల్లలు బలైనా, అది దుకాణాలకు మాత్రం చేరలేదు. 1962 ఆగస్టులో అధ్యక్షుడు కెనెడీ కెల్సీని సత్కరించారు. అక్టోబరుకల్లా మందుల చట్టం బిగిసింది.

థాలిడొమైడ్ దెబ్బతీసింది గర్భం నిలిచిన తొలి వారాల్లో. నెల తప్పిన సంగతే చాలామందికి రూఢి కాని రోజులవి. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించాలి. మొటిమల మాత్రయినా, నాటుమందయినా దాచకూడదు. తలనొప్పి వచ్చిందని మెడికల్ షాపుకు మనిషిని పంపి మాత్ర తెప్పించుకోవడం ఎంత తప్పో, భయపడి ఫిట్స్, థైరాయిడ్, బీపీ మాత్రలు సొంతంగా మానేయడమూ అంతే తప్పు. ఏది మార్చాలో, ఏది కొనసాగించాలో డాక్టరే చెప్పాలి. ‘ఇది నా బిడ్డకు పడుతుందా?’ అని అడగడానికి ఏ తల్లీ మొహమాటపడకూడదు.