గాఢనిద్రా భంగ రుగ్మతలు: నిద్రలో నడకపై అవగాహన మారిన తీరు

వ్యాససంగ్రహం:

నిద్రలో నడవడం, రాత్రివేళ భీతితో కేకలు వేయడం వంటి వాటిని ఐరోపాలో చాలాకాలం కలలకు చేతల రూపంగా భావించారు. 20వ శతాబ్ది మధ్యభాగంలో మెదడు విద్యుత్ తరంగాల పరిశీలన ఆ భావనను మార్చివేసింది. ఆ మార్పు జరిగిన క్రమాన్నీ, నిద్రలో చేసిన పనికి మనిషి ఎంతవరకు బాధ్యుడనే ప్రశ్నపై దాని ప్రభావాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గాఢనిద్ర, నిద్రలో నడక, నిద్రాభీతి, అరమెలకువ, బాధ్యత.

1. ఉపోద్ఘాతం:

మాండూక్యోపనిషత్తు చెప్పిన జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అనే అవస్థల విభజన తెలుగు పాఠకులకు పరిచితమే. వీటిలో సుషుప్తి కోరికలూ కలలూ లేని గాఢనిద్ర. ఆధునిక నిద్రాశాస్త్రం కూడా కలలు విరివిగా వచ్చే నిద్రను, మెదడు తరంగాలు నెమ్మదించే గాఢనిద్ర నుండి వేరుచేసి చూస్తుంది. అయితే ఈ అవస్థల నడుమ హద్దులు ఎల్లవేళలా స్పష్టంగా ఉండవు. కొందరిలో గాఢనిద్ర పూర్తిగా వీడకముందే శరీరం లేచి నడుస్తుంది. కొందరు పిల్లలు నిద్రపట్టిన గంట, రెండు గంటలలోనే కెవ్వున అరచి లేచి కూర్చుంటారు. కళ్ళు తెరిచే ఉన్నా ఎదుటనున్న తల్లిని గుర్తుపట్టరు. తెల్లవారాక వారికి సాధారణంగా ఏదీ జ్ఞాపకముండదు.

పిల్లవాడు జడుసుకున్నాడని దిష్టి తీయడం తెలుగు ఇళ్ళలో ఉన్న వాడుకే. ఐరోపా సాహిత్యంలోనూ, ఆ తరువాత మనోవిశ్లేషణలోనూ నిద్రలో నడకకు మరొక తరహా కారణం కనిపిస్తుంది. అపరాధభావమో, అణచిపెట్టిన కోరికో నిద్రలో బయటపడుతుందన్నది ఆ భావన.

2. కలే చేతగా మారుతుందన్న భావన:

షేక్స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకంలో రాజహత్యకు భర్తను పురికొల్పిన లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ, చేతికి లేని నెత్తుటి మరకను కడుగుకుంటుంది. మెలకువలో దాచుకున్నది నిద్రలో వెల్లడవుతుందన్న నమ్మకానికి ఆ దృశ్యం ప్రతీకగా నిలిచింది. 1900 సంవత్సరం ముద్రతో వెలువడిన ‘కలల వివరణ’లో సిగ్మండ్ ఫ్రాయిడ్ కలను కోరిక నెరవేరే రూపంగా నిరూపించబూనాడు. ఆయన అనుయాయి ఇసిడోర్ సాడ్గర్ 1914లో నిద్రలో నడకపై గ్రంథం ప్రకటించి, దాని మూలాలు బాల్యంనాటి లైంగిక వాంఛలలో ఉన్నాయని వాదించాడు.

ఈ వివరణను అంగీకరిస్తే, నిద్రలో నడిచిన వ్యక్తి తనకు తెలియకుండానే తన కోరిక తీర్చుకున్నవాడవుతాడు. సాధారణ నడక విషయంలో ఇది కేవలం సిద్ధాంతచర్చ. ప్రాణహాని జరిగినప్పుడు మాత్రం అది నేరనిర్ణయానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది.

ఈ ప్రశ్న మనోవిశ్లేషణకు ముందే న్యాయస్థానాలకు ఎదురైంది. 1878లో గ్లాస్గో నగరవాసి సైమన్ ఫ్రేజర్, అడవిమృగం ఇంట్లో చొరబడిందన్న భ్రాంతిలో నిద్రలో లేచి, తన పసిబిడ్డ మరణానికి కారకుడయ్యాడు. నిద్రలో నడిచే స్థితి వల్ల తాను చేస్తున్న పని అతనికి తెలియదని జ్యూరీ తేల్చింది. ఇకమీదట ఒంటరిగానే నిద్రిస్తానన్న హామీపై న్యాయస్థానం అతన్ని విడిచిపెట్టింది. ఆ స్థితి నిజంగా ఏమిటో పరీక్షించి చెప్పగల సాధనం ఆనాటి వైద్యుల వద్ద లేదు.

3. తరంగాల సాక్ష్యం:

ఆ సాధనం జర్మనీలో రూపొందింది. హాన్స్ బెర్గర్ 1924లో మానవ మెదడు విద్యుత్తును నమోదు చేసి, 1929లో ఫలితాలు ప్రకటించాడు. 1937లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లూమిస్ బృందం తరంగాల ఆధారంగా నిద్రను ఐదు దశలుగా విభజించింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నేథనియల్ క్లైట్‌మన్ కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రాదశను వర్ణించారు. ఆ దశలో లేపినవారు తరచుగా కలలు వివరించేవారు.

దీనితో పాత భావనను పరీక్షకు పెట్టే వీలు కలిగింది. నిద్రలో నడక కలకు చేతరూపమే అయితే, అది కలల దశలో మొదలుకావాలి. 1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్ పరిశోధకులు అలన్ జాకబ్సన్, ఆంథొనీ కేల్స్ తదితరులు రాత్రంతా చేసిన నమోదులు ఇందుకు భిన్నమైన ఫలితాన్నిచ్చాయి. నడక మొదలైంది నెమ్మది తరంగాల గాఢనిద్ర నుండి. ఈ అలవాటున్న పిల్లలను గాఢనిద్రలో ఉండగా లేపి నిలబెడితే నడక మొదలుకావడం కూడా ఆ కాలపు ప్రయోగాలలో కనిపించింది.

ఫ్రాన్సులోని మార్సేయ్ నగరంలో ఆన్రీ గస్తోతో కలిసి పనిచేసిన కెనడా శాస్త్రవేత్త రోజర్ బ్రౌటన్ 1968లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఆధారాలను ఒక సూత్రంగా కూర్చాడు. నిద్రలో నడక, నిద్రాభీతి, పక్క తడపడం వంటివి గాఢనిద్ర నుండి మేల్కొనే ప్రక్రియలోని లోపాలని, అవి కలల ఫలితాలు కావని ఆయన ప్రతిపాదించాడు. రాత్రి తొలిభాగంలోనే ఇవి ఎక్కువగా రావడానికీ, పిల్లలలో అధికంగా ఉండడానికీ కారణం దీనితో స్పష్టమైంది. గాఢనిద్ర రాత్రి మొదటి మూడోవంతులో అధికం. పెద్దవారికంటే పిల్లలలో మరింత అధికం.

4. న్యాయస్థానంలో కొత్త అవగాహన:

1987 మే నెలలో కెనడాలోని టొరంటో ప్రాంతంలో కెనెత్ పార్క్స్ అనే యువకుడు నిద్ర నుండి లేచి, సుమారు 23 కిలోమీటర్లు కారు నడుపుకుంటూ అత్తవారింటికి వెళ్ళి, అత్తను చంపి, మామను గాయపరిచాడు. ఆపై తానే పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. విచారణలో సాక్ష్యమిచ్చిన నిపుణులలో బ్రౌటన్ ఒకడు. జ్యూరీ పార్క్స్‌ను నిర్దోషిగా ప్రకటించింది. 1992లో కెనడా సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. అతని స్థితి మనోవ్యాధి కాదనీ, ఇచ్ఛ లేని చర్య అనీ అంగీకరించింది.

1991లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం బర్జెస్ అనే వ్యక్తి విషయంలో ఇందుకు భిన్నంగా, నిద్రలో చేసిన హింసను చట్టరీత్యా మతిభ్రమణ కిందికి చేర్చింది. ఒకే రకమైన స్థితిని ఒక దేశం ఆరోగ్యవంతుని నిద్రకు సంబంధించిన విషయంగానూ, మరొకటి మనోవ్యాధిగానూ పరిగణించింది. మొదటి నిర్ణయం సంపూర్ణ విముక్తికి దారితీస్తుంది. రెండవది ఆసుపత్రి నిర్బంధానికి దారితీయవచ్చు. ఇచ్ఛ లేదని శాస్త్రం చెప్పగలిగినా, ప్రమాదం మళ్ళీ జరిగే అవకాశాన్ని ఏ కోవలో ఉంచాలో చట్టమే నిర్ణయించుకోవలసి వచ్చింది.

5. సూత్రానికి సవరణలు:

బ్రౌటన్ సూత్రం యథాతథంగా నిలవలేదు. పక్క తడపడం గాఢనిద్రకే పరిమితం కాదని తరువాతి పరిశీలనలు చూపాయి. 1986లో మినెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ బృందం కలలను నిజంగానే చేతల్లో చూపే రుగ్మతను వర్ణించింది. అది కలల నిద్రలో వస్తుంది, వయసు మళ్ళిన పురుషులలో ఎక్కువ. అంటే పాత భావన పూర్తిగా అసత్యం కాదు. అది మరొక రుగ్మతకు వర్తిస్తుంది. నిద్రలో నడిచేవారిలోనూ కొందరు స్వప్నంవంటి అనుభవాన్ని గుర్తుచేసుకోగలరని 2009లో పారిస్ పరిశోధకులు తెలిపారు.

2000లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడిన ఒక పరిశీలన, నిద్రలో నడుస్తున్న 16 ఏళ్ళ యువకుని మెదడు రక్తప్రసరణను చిత్రీకరించింది. మెదడులో కొన్ని భాగాలు చురుకుగా ఉండగా, వివేచనకు తోడ్పడే ముందుభాగంలో ఆ చురుకుదనం కనిపించలేదు. నిద్ర, మెలకువ ఒకే మెదడులో ఏకకాలంలో ఉండగలవన్న నేటి అవగాహనకు ఇది ఒక ఆధారం.

6. ముగింపు:

నిద్రలో నడక గురించిన అవగాహన కోరికను వెతకడం నుండి మేల్కొనే ప్రక్రియను పరిశీలించడం వైపు సాగింది. ఈ మార్పు వల్ల న్యాయస్థానాలకు కొత్త సాక్ష్యం లభించింది, కుటుంబాలకు భారం తగ్గింది. నిద్రలేమి, జ్వరం, శ్వాసకు అడ్డంకి వంటివి ఈ రుగ్మతలను రేకెత్తిస్తాయని తెలిశాక, వైద్యుడు పిల్లవాని మనసులో రహస్యం వెతకడానికి ముందు అతడు చాలినంత నిద్రపోతున్నాడా, గురకపెడుతున్నాడా అని అడుగుతాడు. అరమెలకువలో ఉన్నవానిని బలవంతంగా కుదిపి లేపకుండా, తలుపులు భద్రపరచి, మెల్లగా పక్కమీదికి చేర్చమని చెబుతాడు. రాత్రి జరిగినదానికి పిల్లవాణ్ణి తెల్లవారి మందలించవలసిన పని లేదని తల్లిదండ్రులు తెలుసుకోవడం ఈ చరిత్ర అందించిన ప్రయోజనాలలో ముఖ్యమైనది.