అవ్వ వయస్సు ఎవరు చెప్పాలి?

కంగ్టి ప్రాంతపు వృద్ధుల వయస్సు లెక్కగట్టడం లేఖకులకు పెద్ద పరీక్షే. పుట్టిన తేదీ అడిగితే చెప్పలేరు గాని, ఎవరి రాజ్యంలో పుట్టారో చెబుతారు. మా నారాయణఖేడ్ తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో బీదరు జిల్లాకు చెందినది. 1956 నవంబరు 1న బీదరు మైసూరు రాష్ట్రానికి పోగా, ఖేడ్ తాలూకా మెదక్ జిల్లాతోపాటు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 2014లో తెలంగాణ, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా. ఇల్లు కదలకుండానే మూడు రాష్ట్రాలు, మూడు జిల్లాలు చూసిన వారున్నారిక్కడ. ఏవైనా పాత కాగితాలుంటే వాటిమీద ఫసలీ సంవత్సరాలుంటాయి. 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. కాగితాలు లేనివారికి రజాకార్ల గడబిడ, 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య, ఇవే గుర్తులు.

జనాభా లెక్కలైనా, ఓటర్ల జాబితా అయినా రాసేది ఉపాధ్యాయులమే కదా. ఇటువంటి గుర్తులను పట్టుకొని వయస్సు తేల్చుమనేవారు. ఎండలో ఇల్లిల్లూ తిరిగేటప్పుడు అంత ఓపిక ఎక్కడిది? సున్నాతోనో ఐదుతోనో ముగిసే అంకె ఒకటి వేసి ముందుకు సాగేవాళ్లం. మన దేశపు జనగణన పట్టికల్లో 50, 55, 60, 65 ఏళ్ల దగ్గర జనం గుట్టలుగా పోగుపడి కనిపించడానికి కారణమిదే. ఆ గుట్టల్లో నేను పోసిన తట్టెడు మట్టి కూడా ఉంది.

1995లో ఓటరు గుర్తింపు పత్రాల పనిమీద ఒక ఇంటికి వెళ్లాను. అరుగుమీద ఒక అవ్వ జొన్నలు చెరుగుతున్నది. ఆమె వయస్సెంతని గడపలో నిలబడ్డ కొడుకును అడిగాను. "యాభై అయిదు రాసుకోండ్రి సారూ" అన్నాడు. రాసుకొన్నాను. ఆ ఏడాది ఆగస్టు 15నే జాతీయ వృద్ధాప్య పింఛను పథకం మొదలైంది. 65 ఏళ్లు నిండిన నిరుపేదలకు కేంద్రం నెలకు 75 రూపాయలు ఇచ్చేది. ఆరేళ్ల తరువాత అవ్వ పింఛనుకు పోతే, పత్రం ప్రకారం ఆమెకు 61. ఇంకా నాలుగేళ్లు ఆగమన్నారు.

సంగతి తెలిసి ఆ ఇంటికి వెళ్లాను. రజాకార్ల గడబిడప్పుడు పెద్దకొడుకు తన చంకలో ఉన్నాడని మాటల్లో అన్నది అవ్వ. నా గుండె గుభేలుమన్నది. నేను రాసిన అంకె నిజమైతే 1948లో ఆమెకు ఎనిమిదేళ్లు! అప్పటికి పద్దెనిమిది అనుకొన్నా, నేను కాగితం పట్టుకొని వెళ్లిన 1995లోనే ఆమెకు 65 నిండాయి. తప్పు నాదేనని ఒప్పుకొని, సవరణకు దరఖాస్తు నేనే రాసిస్తానన్నాను. అవ్వ చేట పక్కన పెట్టి అన్నది: "పైసల ముచ్చట గట్లుంచు సారూ. నా ఉమ్రు నన్నడిగి రాసినవా, నా కొడుకునడిగి రాసినవా? నేను గీడనే కూసున్న గదా!"

సవరణ జరిగింది గాని, ఆమె పింఛను తీసుకొన్నది రెండేళ్లే.

ఆ మాట మనస్సులో నాటుకొని, వృద్ధులను ఏమి కావాలని వారినే అడగడం ఎప్పుడు మొదలైందా అని వెదకసాగాను. ఇంగ్లండులో షెల్డన్ అనే వైద్యుడు వుల్వర్‌హాంప్టన్ పట్టణంలోని వృద్ధులను వారి ఇళ్లలోనే పరిశీలించి 1948లో గ్రంథం వెలువరించాడు. ఇక్కడ పోలీసు చర్య జరిగిన సంవత్సరం కూడా అదే. మన దేశంలో జాతీయ నమూనా సర్వే వారు 1986-87లో వృద్ధుల స్థితిగతులపై ప్రత్యేకంగా వివరాలు సేకరించారు. ఎవరిమీద ఆధారపడి ఉన్నారు, ఎవరితో ఉంటున్నారు వంటివి అందులోని ప్రశ్నలు. అవి ముఖ్యమే, కాదనను. ఐతే ఎవరితో ఉంటున్నారనేది వేరు, ఎవరితో ఉండాలని ఉన్నదనేది వేరు.

ఈ రెండవ ప్రశ్న వైపు నడిచినవారిలో మన తెలుగువారు ముందున్నారని తెలిసి సంతోషించాను. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రాచార్యులు పి.వి. రామమూర్తి గారు వార్ధక్యంపై పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పారు. ఆయన, డి. జమున గారు కలిసి వృద్ధుల మనస్సును, వారికి సేవ చేసేవారి కష్టాన్ని కూడా దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. ఐనా 2011లో ఏడు రాష్ట్రాల్లో వృద్ధులపై పెద్ద సర్వే జరిగినప్పుడు మహారాష్ట్ర, తమిళనాడు ఉన్నాయి గాని మన రాష్ట్రం లేదు. మంజీర అవతలి అవ్వను అడిగారు, ఇవతలి అవ్వను అడగలేదు!

2017-18లో జరిగిన లాసీ అధ్యయనంతో ఆ లోటు చాలావరకు తీరింది. 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా వ్యక్తులను ఒక్కొక్కరినీ విడివిడిగా పలకరించారు. జ్ఞాపకశక్తి, దిగులు, ఇంట్లో ఎదురయ్యే నిరాదరణ, జీవితంపై తృప్తి, అన్నీ అడిగారు. తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టం సంగతి వృద్ధుల్లో నూటికి 12 మందికే తెలుసునని 2021 జనవరిలో వచ్చిన నివేదిక తేల్చింది. కంగ్టిలో అడిగితే ఆ పన్నెండు కూడా రాదేమో! పైగా ఇక్కడి వృద్ధుల్లో కొందరికి కన్నడం, కొందరికి మరాఠీ ఇంటిభాష. "తృప్తి" అనే మాటను వారికెట్లా చెప్పాలో, ముప్పైయేళ్లు పాఠం చెప్పిన నాకే తోచదు. "కడుపు నిండిందా" అని అడిగితే అన్నం తిన్నామంటారు.

నాకూ అరవై దాటాయి గనుక ఇప్పుడు నేనే ఒక నోటుపుస్తకం పట్టుకొని తిరుగుతున్నాను. పదకొండు మందిని అడిగాను. పింఛను పెంచాలని అందరూ అన్నారు. ఐతే ఎక్కువమంది మొదట చెప్పింది డబ్బు గురించి కాదు. అరిగిపోయిన బొటనవేలును యంత్రం గుర్తుపట్టడం లేదని, బస్సు మెట్టు మోకాలెత్తున ఉన్నదని చెప్పారు. ఒక తాత మాత్రం పాత కచేరీ కాగితాలు బీదరులో ఉన్నాయనీ, ఒక్కసారి తీసుకుపొమ్మనీ అడిగాడు.

పుస్తకంలో వయస్సు గడి పక్కన "ఎవరు చెప్పారు" అని మరొక గడి గీసుకొన్నాను. పదకొండు వరుసల్లో తొమ్మిదింట "తానే" అని ఉన్నది. మిగిలిన రెండిళ్లకు మళ్లీ వెళ్లాలి.