నేల తుడుపుకీ లెక్క ఉంది

1887లో బెర్లిన్‌లో బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ శిష్యుడు జూలియస్ రిచర్డ్ పెట్రి, మూత ఉన్న చిన్న గాజుపళ్లెం గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో పోసిన అగర్ అనే జెల్లీ మీద కంటికి ఆనని క్రిమి పడితే చాలు, ఒకట్రెండు రోజుల్లో చుక్కై పైకి తేలుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఆస్పత్రులు ఆ పళ్లేనికి చేతినిండా పని పెట్టాయి. అమెరికాలోనైతే గాలి, గోడ, నేల దేన్నీ వదల్లేదు. నియమం తప్పకుండా నమూనాలు తీయడం, చుక్కలు లెక్కించడం, ఫైలు కట్టడం.

1970 నాటికి అక్కడి రోగ నియంత్రణ సంస్థ సీడీసీ, ఆస్పత్రుల సంఘం కలిసి ఇక ఆపమన్నాయి. కారణం సూటిగానే ఉంది: నేల మీద ఎన్ని క్రిములున్నాయన్న దానికీ, ఎందరు రోగులకు ఇన్ఫెక్షన్ సోకిందన్న దానికీ పొంతన కుదరలేదు. పైగా ఎన్ని చుక్కలుంటే ప్రమాదమో చెప్పే హద్దే లేదు. 1982లో డెన్నిస్ మాకి బృందం ప్రచురించిన పరిశీలన ఈ వాదనకు బలమిచ్చింది. విస్కాన్సిన్‌లో ఒక ఆస్పత్రి పాత భవనం నుంచి కొత్తదానికి మారింది. గోడలు కొత్తవే, ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గలేదు.

మన దగ్గర ఆపరేషన్ థియేటర్ స్వాబ్‌లు నెలనెలా ల్యాబ్‌కు పంపే ఆనవాయితీ చాలాచోట్ల నేటికీ ఉంది. రిపోర్టులో ‘నో గ్రోత్’ అని వస్తే అందరికీ నిశ్చింత. ఆ నిశ్చింతకు ఆధారం ఎంతన్నది ఎవరూ అడగరు.

అలాగని పరిసరాలను పూర్తిగా వదిలేసినా తప్పే. మందులకు లొంగని బ్యాక్టీరియా ఉన్న రోగి ఖాళీచేసిన గదిలో చేరినవారికి అదే బ్యాక్టీరియా అంటుకునే ముప్పు పెరుగుతుందని 2006లో సుసాన్ హువాంగ్ బృందం బోస్టన్‌లో తేల్చింది. పాత రోగి వెళ్లాక గది తుడిచే ఉంటారు కదా, మరెక్కడుంది లోపం?

దాన్ని పట్టుకున్నది ఫిలిప్ కార్లింగ్ అనే పరిశోధకుడు. ఆయన క్రిముల్ని లెక్కపెట్టనే లేదు. మామూలు వెలుతురులో కనబడని ద్రవంతో గదుల్లో అక్కడక్కడా చుక్కలు పెట్టించి, శుభ్రం చేశాక అతినీలలోహిత దీపం వేసి చూపించాడు. చుక్క మెరిస్తే అక్కడ గుడ్డ పడలేదన్నమాట! 23 ఆస్పత్రుల్లో చూస్తే తుడవాల్సిన వాటిలో సుమారు సగమే తుడిచారు. సింకులు, టాయిలెట్ సీట్లు, భోజనపు బల్లలు బాగానే ఉన్నాయి. తలుపు పిడులు, లైటు స్విచ్చులు, టాయిలెట్లో పట్టుకు లేచే కడ్డీలు మాత్రం మూడో వంతు కూడా తడవలేదు. మురికిగా కనబడేవాటిని చెయ్యి తుడుస్తుంది, అందరూ ముట్టుకునేవాటిని మరిచిపోతుంది.