యూజర్ పేరు నుంచి రికార్డు దాకా: సీ భాషలో అర్ధ శతాబ్దం

రాజాంలో జీఎంఆర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1997లో మొదలైంది. లినక్స్‌లో సీ ప్రోగ్రాములకు ఆధారమైన జీ-లిబ్‌సీ లైబ్రరీ రెండో వెర్షన్ వచ్చిందీ ఆ ఏడాదే. యూజర్ ఖాతా వివరాలు ఎక్కడున్నా వెతికిపెట్టే బాధ్యతను ఆ వెర్షన్ లైబ్రరీకే అప్పగించింది. అందాకా రావడానికి పాతికేళ్లు పట్టింది.

బెల్ ల్యాబ్స్ యూనిక్స్‌లో ఖాతాలన్నీ ఒకే పాస్‌వర్డ్ ఫైల్లో ఉండేవి. మనిషికో లైను, వివరాల మధ్య కోలన్లు. 1975 నాటి ఆరో ఎడిషన్‌లో గెట్‌పీడబ్ల్యూ అనే ఫంక్షన్‌కు యూజర్ నంబరిస్తే ఆ లైను మొత్తం మన బఫర్‌లోకి కాపీ చేసేది. బఫర్ ఎంత పెద్దదో మాత్రం అడిగేది కాదు. లైను పొడవైతే పక్కనున్న మెమరీ చెడిపోయేది.

1979లో ఏడో ఎడిషన్ గెట్‌పీడబ్ల్యూనామ్‌ను తెచ్చింది. పేరిస్తే చాలు, విడదీసిన స్ట్రక్చర్‌కు పాయింటర్ వస్తుంది. గొప్ప మెరుగుదలే, కానీ ఆ స్ట్రక్చర్ ఫంక్షన్ సొంత స్టాటిక్ మెమరీలో ఉంటుంది. ఇద్దరు యూజర్లను వరసగా అడిగితే మొదటివాడి వివరాలపై రెండోవాడివి రాసేస్తుంది. థ్రెడ్ల కాలంలో ఇది ప్రమాదమే. అందుకే 1995 పోజిక్స్ ప్రమాణం, పేరు చివర ‘ఆర్’ ఉన్న రూపాన్ని చేర్చింది. బఫరూ దాని సైజూ మనమే ఇవ్వాలి. 1975 నాటి లోపం ఇక్కడ తీరింది.

ఇక రహస్యం సంగతి. ఫైళ్ల యజమానుల పేర్లు చూపడానికి ఎల్ఎస్ లాంటి కమాండ్లకు పాస్‌వర్డ్ ఫైలు కావాలి కాబట్టి అందరూ చదవగలిగేలా ఉంచారు. పాస్‌వర్డ్ హాష్‌లూ అందులోనే ఉండేవి. యూనిక్స్ సృష్టికర్త కెన్ థాంప్సన్ సొంత పాస్‌వర్డ్, ఒక చదరంగపు ఎత్తు, పాత బీఎస్‌డీ ఫైల్లోని హాష్ నుంచి 2019లో బయటపడింది. ఇలాంటి బెడద తప్పించడానికే అంతకు చాలా ముందే హాష్‌లను రూట్ మాత్రమే చదివే షాడో ఫైలుకు మార్చారు. సన్ కంపెనీ ఖాతాలను నెట్‌వర్క్ మీదికి ఎక్కించింది. తర్వాత ఎల్‌డాప్ అనే నెట్‌వర్క్ డైరెక్టరీ పద్ధతి వచ్చింది. ఇన్ని మారినా గెట్‌పీడబ్ల్యూనామ్‌ను పిలిచే తీరు 1979 నాటిదే. నా దృష్టిలో యూనిక్స్ సాధించిన గొప్ప విజయాల్లో ఇదొకటి.

రాజాం ల్యాబుల్లో సీ నేర్చుకునే పిల్లలకు ఒక మాట. పాస్‌వర్డ్ ఫైలును ఎఫ్‌ఓపెన్‌తో తెరిచి వెతకకండి. నెట్‌వర్క్ ఖాతాలు అందులో కనిపించవు. ‘ఆర్’ రూపాన్నే పిలవండి. సున్నా తిరిగొచ్చి ఫలితం నల్ అయితే ఆ యూజర్ లేడని అర్థం; సున్నా కానిదొస్తే వెతకడమే విఫలమైంది. ఈ రెంటినీ వేర్వేరుగా చూడండి.