పేరు పెట్టి ఒప్పుకున్న న్యాయాధిపతి



“ప్రభువా, మేము పాపులము” అని ప్రతి ఆదివారం అందరం కలిసి అంటాము. అది కష్టం కాదు. “ఈ తప్పు చేసినది నేనే” అని అనడమే కష్టం. ఆ మాట పలికిన ఒక విశ్వాసి చరిత్రను ఈ దినం ధ్యానించుదాము.

1692లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇంగ్లాండు పాలనలో ఉండేది. అక్కడి సేలం గ్రామంలో కొందరు బాలికలు మూర్ఛపోతూ, కేకలు వేస్తూ, ఫలానావారు తమకు చేతబడి చేశారని నింద మోపారు. గవర్నరు ప్రత్యేక న్యాయస్థానం నియమించాడు. నిందితుల ఆత్మరూపాలు వచ్చి తమను బాధిస్తున్నాయన్న మాటను కూడా న్యాయాధిపతులు సాక్ష్యంగా తీసుకున్నారు. 14 మంది స్త్రీలు, 5 మంది పురుషులు ఉరితీయబడ్డారు. విచారణకు లోబడని గైల్స్ కోరీ అనే వృద్ధుడు తనపై మోపిన రాళ్ల బరువుకు మరణించాడు. చేయని నేరాన్ని ఒప్పుకుని ఆ మాట మీదే నిలిచినవారి ప్రాణాలు దక్కాయి; అబద్ధమాడలేమన్నవారు చనిపోయారు.

ఆ న్యాయాధిపతులలో బోస్టన్ వాసి సామ్యూల్ సూవల్ ఒకడు. భక్తిపరుడు. 1696 డిసెంబరులో అతని చిన్నకూతురు సారా చనిపోయింది. ఆ దినాలలోనే కుమారుడు మత్తయి సువార్త 12వ అధ్యాయం వినిపించాడు. నిర్దోషులను దోషులుగా తీర్చుటను గూర్చి ప్రభువు పలికిన 7వ వచనం సేలం ఘోరాన్ని గుర్తుకు తెచ్చిందని అతడు తన దినచర్యలో వ్రాసుకున్నాడు.

1697 జనవరి 14 అక్కడ అందరికీ ఉపవాస దినం. జరిగిన పొరపాట్ల కొరకు దేశమంతా ప్రార్థించవలెనని ప్రభుత్వం ప్రకటించింది. “అందరము తప్పాము” అని సూవల్ కూడా ఆ గుంపులో కలిసిపోవచ్చు. కాని అతడు కాపరి సామ్యూల్ విల్లర్డ్‌కు ఒక కాగితం అందించాడు. కాపరి దానిని చదువుతుండగా సంఘమంతటి ఎదుట లేచి నిలబడ్డాడు. ఆ తీర్పుల నిందను, సిగ్గును తాను భరిస్తున్నానని, మనుష్యులు తనను క్షమించాలని, ముఖ్యంగా దేవుడు క్షమించాలని అందులో వేడుకున్నాడు.

12 మంది జూరీ సభ్యులు కూడా క్షమాపణ వ్రాసి సంతకాలు చేశారు. నింద మోపినవారిలో ఒకరైన ఆన్ పుట్నం 1706లో తన సంఘంలో అలాగే నిలబడింది. ప్రధాన న్యాయాధిపతి విలియం స్టౌటన్ మాత్రం చివరివరకు తప్పు ఒప్పుకోలేదు.

ప్రియులారా, సూవల్ ఒప్పుకోలు చనిపోయినవారిని తిరిగి తేలేదు. అయితే అతని మనస్సాక్షిని మెలకువగా ఉంచింది. 1700లో మనుష్యులను బానిసలుగా అమ్మే వ్యాపారాన్ని ఖండిస్తూ చిన్న పుస్తకం ప్రచురించాడు.

తప్పు ఎవరి ఎదుట జరిగిందో ఒప్పుకోలు వారి ఎదుటనే జరగాలి. భార్యను నొప్పించినవాడు భార్యతో చెప్పాలి. సంఘపు సొమ్ములో తప్పిపోయినవాడు సంఘంతో చెప్పాలి. ఒకనితో ఒకడు ఒప్పుకొనుమని యాకోబు 5:16, ఒప్పుకొనువానికి క్షమాపణ కలదని 1 యోహాను 1:9 బోధిస్తున్నాయి. ఈ దినం మనం ఎవరి యొద్దకు వెళ్లవలసియున్నదో ప్రభువే మనకు చూపించి, వెళ్లుటకు ధైర్యమిచ్చును గాక. ఆమేన్.